సమ్మన్న ఆడిన ఒకే అబద్ధం

మా తమ్ముడు సమ్మన్న జీవితంలో ఒకే అబద్ధం ఆడాడు. కాకపోతే దాన్ని ముప్పై ఏళ్లపాటు, బేరం కుదిరిన ప్రతిసారీ ఆడాడు. అందులో ఉన్నవి మూడే మాటలు. "ఖాళీదే, నేనే చూసిన."

చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దాటి లోపలికి వస్తే, గడియారాలు బాగుచేసే కొట్టుకూ పాత్రల దుకాణానికీ నడుమ మా నాయన పెట్టిన తుపాకుల దుకాణం ఉండేది. పది అడుగుల వెడల్పు. గోడకు ఇనుప గొలుసు, గొలుసుకు తాళం, దాని వెనుక వరసగా తుపాకులు. కొనేవాళ్లలో ఎక్కువమంది రాజురా, కోర్పనా, గోండ్‌పిప్రి వైపు రైతులు. అడవి పందులు ఒక్క పూటలో వరిమడిని చాపలా చుట్టేసి పోతాయి. వాటిని బెదరగొట్టడానికి పంట కాపలా లైసెన్సు తెచ్చుకుని మా దుకాణం మెట్లెక్కేవారు.

లైసెన్సు కాగితం ఉంటే తుపాకి అమ్మవచ్చు. ఆ రోజుల్లో అంతకుమించి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ కాగితం మీద మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోటో, సర్కారు ఠప్పా అన్నీ ఉంటాయి. ఆ మనిషికి తుపాకి పట్టుకోవడం వచ్చా రాదా అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. జీపు నడిపేవాడికి పరీక్ష ఉంది. ఆరో తరగతి నుంచి ఏడుకు పోయే పిల్లకు పరీక్ష ఉంది. మనిషి ప్రాణం తీయగల వస్తువు కొనేవాడికి లేదు. నాకు చదువు లేదు కనుక ఇది అర్థం కావడం లేదేమో అనుకున్నాను. చదివినవాళ్లను అడిగితే వాళ్లకూ అర్థం కాలేదు.

అందుకని మా తమ్ముడే ఒక పరీక్ష పెట్టాడు. రాతా లేదు, ఫీజూ లేదు. కొనేవాడికి ముందు అన్నీ నేర్పేవాడు. గొట్టం ఎటు ఉండాలి, కంచె దాటేటప్పుడు ఏం చేయాలి, తూటాలు ఎక్కడ దాచాలి. అన్నిటికన్నా ముఖ్యం, తుపాకి ఎవరి చేతినుంచి మన చేతికి వచ్చినా గొట్టం వంచి, తెరిచి, లోపల కంటితో చూడాలి. "ఇచ్చినోడు దేవుడైనా సరే" అనేవాడు. వాళ్లు తలూపేవాళ్లు. తరువాత చాయ్ వచ్చేది. పిల్లలెందరు, పత్తి ఎట్లుంది అని మాటల్లో పెట్టేవాడు. ఆ మాటల మధ్యనే వెనక్కి తిరిగి, పేలిన తూటా గుల్లలో చెక్క దిగగొట్టి ఎర్ర లక్క పూసిన ఒక ఉత్తుత్తి తూటాను తుపాకిలో పెట్టేవాడు. అది పేలదు, చూడడానికి మాత్రం అసలుదే. అప్పుడు తుపాకి రెండు చేతులతో అందిస్తూ ఆ మూడు మాటలు అనేవాడు.

తెరిచి చూసినవాడు తుపాకితో ఇంటికి పోయేవాడు. చూడనివాడు వచ్చే బజారు రోజున మళ్లీ రావాలి.

మరి ఆ కిటుకు ఊరంతా పాకిపోలేదా అని అడుగుతారు. పాకింది. తెలిసీ తప్పేవారు. ఎందుకంటే మా తమ్ముడిది తెల్లటి ధోతి, నెమ్మది గొంతు, వేలెత్తి చూపడానికి వీల్లేని పేరు. మనవాళ్లు పాలు పోసేవాడి ముందు పాలలో వేలు పెట్టి చూస్తారు. పెదనాయన ఇచ్చిన మూటను మాత్రం ఆయన ముందు విప్పి చూడరు. పెద్దమనిషి ఖాళీది అన్నాక తెరవడమంటే ఆయన ముఖం మీదే నువ్వు అబద్ధాలకోరువి అనడం. చేయి లేవదు.

లక్కడ్‌కోట్ మొండయ్య మూడుసార్లు తప్పాడు. మూడోసారి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"సమ్మన్నా, పందులు నా చేన్ల జాతర చేస్తున్నయ్. నువ్వు ఈడ నాకు బడి పెట్టినవ్."

"పందులకు చెప్పు, మా సారు ఇంక పాస్ చెయ్యలేదని."

"నీ ముంగట తెరిచి చూస్తే నీ మాట మీద ఉమ్మేసినట్టు గాదా?"

"ఉమ్మెయ్యి. కడుక్కుంట. తూట పేలితే కడుగుడు ఉండది మొండయ్యా."

"సర్కారు కాయిదం ఇచ్చినంక నువ్వెవనివి ఆపెటోనివి?"

"నేనేడ ఆపిన? ఇయ్యాల ఇయ్యనంటున్న. సర్కారు నీ పేరు చూసి ఇచ్చింది. నేను నీ చెయ్యి చూసి ఇస్త."

నాలుగోసారి మొండయ్య తెరిచాడు. ఎర్ర తూటా చేతిలో పడగానే దాన్ని నుదుటికి అద్దుకున్నాడు. ఆ వారం లక్కడ్‌కోట్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంతలావు గుమ్మడికాయ తెచ్చి మా దుకాణంలో దించాడు. ఏ బడిలో ఏ పంతులుకు అటువంటి కానుక దక్కిందో నాకు చెప్పండి.

ఈ పరీక్ష వెనుక ఒక పాదం ఉంది. మా తమ్ముడి ఎడమ పాదం.

అతనికి ఇరవై ఏళ్లప్పుడు, గోండ్‌పిప్రి రైతు ఒకాయన మరమ్మతుకిచ్చిన తుపాకిని నాయన బాగుచేసి పొద్దున్నే శుభ్రం చేసి పెట్టాడు. మధ్యాహ్నం ఆ రైతు వచ్చాడు. నాయన లోపల అన్నం తింటున్నప్పుడు ఆ రైతు, తూటా సరిగ్గా కూర్చుంటుందో లేదో అని ఒకటి పెట్టి చూసుకున్నాడు, తీయడం మరిచి బీడీకి బయటికి పోయాడు. నాయన చేయి కడుక్కుని వచ్చి ఆ తుపాకిని తమ్ముడికి అందించాడు. "మీట గట్టిగున్నదేమో చూడు బిడ్డా. ఖాళీదే, నేనే చూసిన." నాయన చూసిన మాట నిజమే. పొద్దున ఖాళీగా ఉన్నది మధ్యాహ్నానికి ఖాళీగా ఉండాలని ఏముంది. తమ్ముడు గొట్టం కిందికి దించి మీట నొక్కాడు. మూడు వేళ్లు పోయాయి.

తమ్ముడు కుంటుతూనైనా లేచి తిరిగాడు. లేవనిది నాయన. ఆయన మరో ఎనిమిదేళ్లు బతికాడు కానీ ఆ మాట మళ్లీ నోట రానివ్వలేదు. బిందె అడుగంటినా "నీళ్లు నిండలేదు" అనేవాడు తప్ప ఖాళీ అయిందనేవాడు కాదు. నాయన విడిచిపెట్టిన ఆ మాటనే తమ్ముడు ఎత్తుకున్నాడు. నాయన పోయి, దుకాణం తన పేరుకు మారిన నాటినుంచి పరీక్ష మొదలుపెట్టాడు. అతను అమ్మిన తుపాకి ఎవరింట్లోనూ ఎవరి కాలూ తీయలేదు. ఈ మాట గర్వంగానే అంటున్నాను. గర్వం తప్పయితే ఈ వయసులో కొత్తగా మానుకోలేను.

ఇన్నేళ్ల పరీక్షకు అసలు పరీక్ష తొంభై ఆరులో వచ్చింది.

అవి దేశమంతా దుకాణం తలుపులు బార్లా తెరిచిన రోజులు. కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. పత్తి వ్యాపారం నుంచి లారీల్లోకి దిగిన రాజురా అనంతరావుకు రెండు లారీలు పదకొండయ్యాయి. ఇంటి డాబా మీద బోర్లించిన గొడుగంత డిష్ లేచింది. ఆయన మా వియ్యంకుడు. తమ్ముడి ఒక్కగానొక్క కూతురు నిర్మల ఆ ఇంటి కోడలు. తల్లి లేని పిల్లను పెంచింది నేనే కనుక ఆ ఇంటి మర్యాద చెడితే నా కడుపే ముందు కాలుతుంది.

శనివారం శనివారం హమాలీల కూలి పట్టుకుని అడవి దారిన పోవాలి కనుక అనంతరావుకు తుపాకి లైసెన్సు వచ్చింది. నాగ్‌పూర్ పోతే ఏ పరీక్షా లేకుండా కొనుక్కోవచ్చు. వియ్యంకుడి దుకాణం ఉండగా పరాయి గడప ఎందుకని మా దగ్గరికే వచ్చాడు. గురువారం, ముహూర్తం చూసుకుని, జీపులో నలుగురితో, దండతో, కొబ్బరికాయతో వచ్చాడు.

"బావా, మంచి రెండు గొట్టాలది తియ్యి. పన్నెండు లోపల చేతికి రావాలె, పంతులు చెప్పిండు."

"పన్నెండుదాక శానా టైమున్నది బావా, కూసో."

తమ్ముడు కాగితాలు చూశాడు. నేర్పవలసిందంతా నేర్పాడు. అనంతరావు అవునవునంటూ గోడమీద గడియారం చూస్తున్నాడు. చాయ్ వచ్చింది. తమ్ముడు వెనక్కి తిరిగాడు. నేను మూలన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వియ్యంకుడికి కూడా పెడతాడా అని నా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. పెట్టాడు.

"ఖాళీదే బావా, నేనే చూసిన."

అనంతరావు తుపాకి అందుకున్నాడు, కళ్లకద్దుకున్నాడు, దండ వేశాడు. వెంట వచ్చినవాళ్లు చూస్తున్నారని భుజానికెత్తి ఇటునుంచి అటు తిప్పాడు. గుమ్మంలో డ్రైవర్ దత్తు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. గొట్టం అతని ఛాతీ మీదికి వచ్చినప్పుడు వియ్యంకుడు నవ్వుతూ మీట నొక్కాడు. టక్కుమంది.

తమ్ముడు కుంటుతూ వెళ్లి తుపాకి తీసుకుని వంచాడు. ఎర్ర తూటా బల్లమీద పడి దొర్లి, చాయ్ గ్లాసుకు తగిలి ఆగింది. దత్తు దాన్ని చూశాడు, తన చొక్కా చూసుకున్నాడు, కొబ్బరికాయ కింద పెట్టి బయటికి పోయి జీపులో కూర్చున్నాడు.

"నాకు పరీక్ష పెట్టినవా బావా?"

"అందరికీ పెడత బావా."

"నేను అందరిల ఒకన్నా?"

"నాకు గాదు. తుపాకికి."

"అబద్ధం చెప్పినవ్ నాకు."

"చెప్పిన."

అనంతరావు ముఖం ఎర్ర తూటా రంగుకు వచ్చింది. "నీ మాట నమ్మితే తప్పయిందా? నీ మాట నమ్మే నీ బిడ్డను నా ఇంటికి తెచ్చుకున్న. అప్పుడు గూడ తెరిచి చూడాల్సి ఉండెనా?"

తమ్ముడు బల్లమీద ఎర్ర తూటాను సర్దుతూ, "వచ్చే గురువారం రా బావా, తప్పకుంట ఇస్త" అన్నాడంతే.

"వచ్చేది నేను గాదు, నువ్వు. తుపాకి తీస్కొని నా ఇంటికొస్తవు. అప్పటిదాక నీ కడప నేను తొక్క, నీ బిడ్డ గూడ తొక్కది."

చాయ్ ముట్టకుండా పోయాడు. దండ తుపాకి మీదే ఉండిపోయింది.

నేను ఊరుకోలేదు. ఆ సాయంత్రమంతా తమ్ముడిని కడిగాను. "ఏమిరా, పెద్ద జడ్జివయినవా? లోకమంత పాస్ చేసుకుంట కూసో, ఎవడొద్దన్నడు? వియ్యంకునికి ఒక్కనికి వదిలేస్తే కొంప మునుగుతదా? పిల్ల ఆ ఇంట్ల తలెట్ల ఎత్తుకోవాలె?"

తమ్ముడు చెప్పు విప్పి ఎడమ పాదాన్ని మరో మోకాలి మీద పెట్టుకున్నాడు. రెండు వేళ్ల పాదం. "నాయిన గూడ ఒక్కసారే చెప్పిండక్కా, ఖాళీదని."

"నాయిన పరాయోడా, నువ్వు పరాయోనివా? ఇంట్ల ఇంట్ల అయింది."

"గదే అక్కా. పరాయోడు ఇస్తే తెరిచి చూద్దును. నాయిన గాబట్టే చూడలే." చెప్పు మళ్లీ తొడుక్కుంటూ అన్నాడు, "బావకు గూడ నేను పరాయోన్ని గాదు గదా."

అతనికి బిడ్డమీద ప్రేమ లేదని కాదు. ఆ తరువాతి మూడు గురువారాలూ పొద్దుటినుంచి గుమ్మంలోకి చూస్తూనే కూర్చున్నాడు. నిర్మలకు ఇష్టమైన చక్కెర బిళ్లలు, నువ్వుల ఉండలు ఒక డబ్బాలో పోసి బల్లకింద పెట్టాడు. తుపాకిని మాత్రం గొలుసు విప్పి రాజురా తీసుకుపోలేదు.

మూడు వారాలు చూసి నేనే రాజురా బస్సెక్కాను. కాళ్లావేళ్లా పడడం నాకు రాదు. కానీ అనంతరావును నాలుగు మాటలతో మెత్తబరచాలని దారిపొడవునా మాటలు కూర్చుకుంటూ పోయాను. నిర్మల నీళ్లిచ్చింది, నవ్వింది, పుట్టింటి సంగతి ఒక్కటీ అడగలేదు. వియ్యపురాలు కాంతమ్మ నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి గొంతు తగ్గించింది.

"వదినె, మీ పిల్లకు ఏదన్న చెప్పరాదు. మూడు వారాలసంది గిదే పని. మా ఆయన సైటు మీదికెళ్లి వచ్చి టిఫిన్ డబ్బా చేతికిస్తడు. ఖాళీదే కడిగెయ్ అంటడు. గీమె లోపలికి తేదు. ఆయన ముంగటనే కూసొని గిన్నె గిన్నె తెరిచి చూసి అప్పుడు తీస్కపోతది. ఆయనకు ఒళ్లు మండుతున్నది."

"ఎదురు మాట్లాడుతదా?"

"మాట్లాడితే బాగుండు. ఒక్క ముక్క అనది. ఊకె తెరుస్తది."

నాకు కోపం రావాలి. రాలేదు. పిల్ల ఎవరి బిడ్డో ఎవరి పెంపకమో ఎక్కడున్నా తెలుస్తుంది కదా అనిపించింది.

నాలుగు గంటలకు జీపు వచ్చింది. దిగుతూనే అనంతరావు కేకలు. చేతికి ఉండే పగడపు ఉంగరం లేదు. దత్తును వాకిట్లో నిలబెట్టాడు. అతని చొక్కా జేబులు, ప్యాంటు జేబులు బయటికి తీసి వేలాడుతున్నాయి.

"నా పగడం ఏడవోయింది? జీపుల నువ్వు నేను తప్ప ఎవడున్నడు?"

"నా బిడ్డ మీద ఒట్టు సేఠ్, నాకు తెల్వదు."

"పొద్దుగాల చేతికున్నది. ఒట్లు ఠాణాల పెట్టు పో." మాట్లాడుతూనే టిఫిన్ డబ్బా నిర్మల వైపు చాచాడు. "తీస్కపో, ఖాళీదే."

నిర్మల అందుకుంది. అరుగు మీద అక్కడే కూర్చుంది. కొక్కెం లేపింది.

"మల్లా గదే. మీ నాయిన నేర్పిన చదువు గిదేనా? ఖాళీదని చెప్పిన గద."

మొదటి గిన్నె తీసి పక్కన పెట్టింది. ఏమీ లేదు. రెండోది తీసింది. పప్పు మరక. మూడోదానిలో పిండేసిన నిమ్మచెక్క, ఉల్లిపాయ పొరలు. వాటిని వేలితో పక్కకు జరిపింది. కింద ఎర్రగా పగడం.

వేటకూర తినేముందు ఆయన ఉంగరం తీసి గిన్నె మూతలో పెట్టుకుంటాడట. తిన్నాక ఎంగిలి తొక్కలతో పాటు తనే గిన్నెలో వంపేశాడు.

నిర్మల తలెత్తలేదు. ఉంగరాన్ని మూతలో పెట్టి మామగారి వైపు జరిపింది. దత్తు జేబులు ఒక్కొక్కటే లోపలికి తోసుకుంటున్నాడు. రాజురా దాకా కూర్చుకున్న మాటలు నా దగ్గర మూటెడు ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

"ఖాళీదే అనుకున్న" అన్నాడు అనంతరావు. ఎవరితో అన్నాడో తెలియదు.

అప్పుడు నిర్మల నోరు విప్పింది. "మీరు అబద్ధం చెప్పలే మామా. ఆ దినం మా తాత గూడ చెప్పలే."

అంతే అని గిన్నెలు పేర్చుకుని లోపలికి పోయింది. అనంతరావు ఉంగరాన్ని తుడిచి వేలికి పెట్టుకున్నాడు. తరువాత, "దత్తూ, కూసో. చాయ్ తాగి పో" అన్నాడు. క్షమించమని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అది అంతకన్నా ఎక్కువే అని దత్తుకు తెలుసు.

ఆ గురువారం రెండు గంటలకు జీపు దుకాణం ముందు ఆగింది. గురువారం ఆ వేళ రాహుకాలం. ముహూర్తాల మనిషి అనంతరావు దండా కొబ్బరికాయా లేకుండా, దత్తును మాత్రం వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. నేను నా స్టూలు మీదే ఉన్నాను.

తమ్ముడు ఆయన్ని కొత్తగా వచ్చిన రైతులాగే కూర్చోబెట్టాడు. కాగితాలు మళ్లీ చూశాడు. మొదటినుంచి మళ్లీ నేర్పాడు. ఈసారి అనంతరావు గడియారం చూడలేదు. చాయ్ వచ్చింది. బల్లమీద పెట్టిన గ్లాసును ఆయన ముట్టలేదు. తమ్ముడు వెనక్కి తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎప్పటిలాగే మెత్తగా, కన్ను ఆర్పకుండా అన్నాడు.

"ఖాళీదే బావా, నేనే చూసిన."

అనంతరావు తుపాకి అందుకున్నాడు. దత్తు వైపు చూశాడు. గొట్టాన్ని నేలవైపు, మనిషి లేని మూలకు దించాడు. వంచాడు. ఎర్ర తూటా అరచేతిలో పడింది. దాన్ని బల్లమీద నిలబెట్టాడు.

"నువ్వు శానా అబద్ధాలకోరువి బావా."

"ఒక్కటే బావా. అంతకంటె రావు."

అనంతరావు నవ్వలేదు. తుపాకి మూశాడు. గుడ్డలో చుట్టి ఇవ్వమన్నట్టు రెండు చేతులతో తమ్ముడికి తిరిగి అందించాడు. అందిస్తూ అన్నాడు, "ఇగో, ఖాళీదే. నేనే చూసిన."

దుకాణంలో అందరం చూస్తున్నాం. తెరిచి, తూటా తీసి, మూసి ఇచ్చింది మా కళ్లముందే. ఇచ్చింది ఆడపిల్ల మామగారు. మూడు వారాల అలక తీరి ఇప్పుడిప్పుడే ఒక మెట్టు దిగిన మనిషి. ఊరుకుని చుట్టేస్తే ఎవరూ తప్పు పట్టరు.

మా తమ్ముడు తుపాకి అందుకుని గొట్టం వంచాడు. వెలుగువైపు తిప్పి, ఒక కన్ను మూసి, ముందు కుడి గొట్టంలోకి, తరువాత ఎడమ గొట్టంలోకి చూశాడు. తీరిగ్గా చూశాడు. అప్పుడు మూసి గుడ్డ చుట్టాడు.

అనంతరావు భుజాలు దిగాయి. "గిప్పుడు నమ్మిన బావా" అని గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "చల్లారింది. ఇంకో మూడు తెప్పియ్యి. దత్తుకొకటి." తరువాత గుమ్మం వైపు తిరిగి జీపులోకి కేకేశాడు.

"నిర్మలా, దిగు బిడ్డా. మీ నాయిన పాస్ చేసిండు."